ఎవరిదీ కాని గోడ

తులసమ్మ మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పేయాలి. చివరికొచ్చేసరికి చెప్పబుద్ధి కాకపోవచ్చు. భిలాయి క్యాంప్ 2లో ఆంధ్రా లైను అని పిలిచే ఇళ్ల వరుసలో ఎవరికి జ్వరమొచ్చినా మిరియాల చారు ఆవిడ పొయ్యి మీదనుంచే వెళ్లేది. ఎవరి పిల్లకి జడ వేయాలన్నా, ఎవరి కోడలు అలిగినా ఆవిడే ఉండాలి. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో మూటలు మోసి నడుం వంగిపోయిన భర్త గురునాథరావు కూడా, కోపమొస్తే ప్రపంచం మొత్తాన్ని తిట్టేవాడు గాని ఆవిడ జోలికి మాత్రం పోయేవాడు కాడు.

ఆంధ్రా లైను అంటే పది ఇళ్లు, ఒకటే కప్పు. బయటివాళ్లకి అది వింతగా ఉండేది. ఇంతమంది వచ్చి ఇంత ఖాళీ నేలలో ఒకరి భుజం ఒకరికి ఆనించి కట్టుకోవడమేమిటని పక్క బస్తీ వాళ్లు నవ్వేవారు. కాని తులసమ్మ పుట్టిన బొబ్బిలి పక్క పల్లెలో ఇల్లు ఒంటరిగా నిలబడటమే వింత. అక్కడ వీధి పొడుగునా ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. ఒక అరుగు ఈ చివర మొదలై ఆ చివర ఆగేది. చూరు కిందుగా నడుచుకుంటూ పోతే ముసురులో కూడా తల తడవకుండా ఊరి చివరికి చేరిపోవచ్చు. అరుగు వెనక సావిడి, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, ఆఖరున పెరడు. ఇద్దరికీ మధ్య ఒకటే గోడ. దాని నెత్తిన ఇద్దరి దూలాలూ ఆనేవి. తుపాను గాలి వస్తే ఒక ఇంటిని కాదు, మొత్తం వరుసనే తోయాలి. గోడ ఖర్చూ సగం. పేదవాళ్ల తెలివి అది, తక్కువేమీ కాదు.

గోడ ఇద్దరిదీ అయితే బాగుచేసేది ఎవరు అనే ప్రశ్నకి కూడా అక్కడ జవాబుంది. వీధివైపు తిరిగి గుమ్మంలో నిలబడితే కుడిచేతి గోడ మనది, ఎడమచేతి గోడ పక్కవాడిది. మన గోడకి రెండు వైపులా మట్టి మెత్తే హక్కు మనదే. పక్కవాడి గోడ మీద మనం తాపీ పెట్టామంటే దాన్ని మనదిగా చెప్పుకుంటున్నట్టు. అది తగవు. లేదంటే వాడికి గతి లేదని వెక్కిరిస్తున్నట్టు. అది ఇంకా పెద్ద తగవు.

ఉక్కు కర్మాగారం పనులకని వచ్చినవాళ్లు రెండు బృందాలు. ఒకటి బొబ్బిలి వైపుది, రెండోది టెక్కలి వైపుది. ఇద్దరూ కలిసి ఒకే వరుస వేసుకుందామనుకున్నారు. బొబ్బిలి వాళ్లు కుడి చివర నుంచి మొదలెట్టారు, టెక్కలి వాళ్లు ఎడమ చివర నుంచి. ఎవరి పద్ధతిలో వాళ్లు. టెక్కలి వాళ్ల ఊరి పద్ధతి తిరగేసి ఉండేది, వాళ్లకి ఎడమచేతి గోడ సొంతం. పనిలో ఉన్నప్పుడు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. రెండు వైపుల నుంచీ కట్టుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నాక చూస్తే, నట్టనడుమ ఒక గోడ మిగిలింది. బొబ్బిలి పద్ధతి ప్రకారం అది టెక్కలి వాళ్లది. టెక్కలి పద్ధతి ప్రకారం అది బొబ్బిలి వాళ్లది. ఎవరికి వాళ్లు తమది కాదన్నారు. చివరికి అందరూ కలిసి మిగిలిపోయిన ముక్క ఇటుకలూ మట్టీ పోగేసి, సాయంత్రాలు నవ్వుకుంటూ లేపేశారు. పదకొండు గోడల్లో సొంతదారు లేని గోడ అదొక్కటే.

దానికి ఇవతల తులసమ్మ ఇల్లు, అవతల పోలమ్మ ఇల్లు.

పోలమ్మ టెక్కలి పక్క మనిషి. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది. వయసులో చిన్నది కాబట్టి తులసమ్మని, అక్క అనే అర్థంలో, అప్పా అని పిలిచేది. ఆ గోడలో నడిమి గది దగ్గర ఒక గూడు ఉండేది, ఈ వైపు నుంచి ఆ వైపుకి తెరిచిన గూడు. కరెంటు లేని రోజుల్లో అందులో ఒక దీపం పెడితే రెండు ఇళ్లకీ వెలుగొచ్చేది. కరెంటు వచ్చాక దీపం పోయింది గాని గూడు ఉండిపోయింది. అందులోంచి కూర గిన్నెలు వెళ్లాయి, పచ్చళ్లు వచ్చాయి. ఇద్దరూ చేతిపని మానకుండానే గోడకి అటూ ఇటూ కూర్చుని మాటల్లోనే ఊరంతా తిరిగొచ్చేవారు.

పోలమ్మ మొగుడు శంకరరావు రైలు పట్టాల కాంట్రాక్టు పనికి వెళ్లేవాడు. మాట తొందర, పట్టుదల ఎక్కువ. ఒక వానాకాలం గురునాథరావు ఫ్యాక్టరీ నుంచి కొంచెం సిమెంటు తెచ్చి, నెమ్మెక్కుతున్న ఆ గోడకి తన వైపు పూద్దామని తాపీ పట్టుకున్నాడు. శంకరరావు ఎలా విన్నాడో, అరుగు మీదకి వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, తాపీ ఎట్టేవంటే గోడ నీదనే కదా?”

“నాదెలాగవుద్ది? మా పద్ధతి పెకారం అది నీది. పోనీ నువ్వే పూయి.”

“మా పద్ధతి పెకారం నాది కాదు. నాది కాందాన్ని నానెందుకు పూస్తాను?”

“మరైతే ఏటి సెయ్యమంటావు?”

అంతవరకూ నవ్వులాటే. తర్వాత ఎవరో ఒకమాట అన్నారు, రేపు సర్కారు కొలతలు వేసి పట్టాలిస్తే గోడ ఎవరిదో దాని కింది నేల కూడా వాళ్లదేనని. దాంతో నవ్వు పోయింది. ఇద్దరూ చాలాకాలం మాట్లాడుకోలేదు. ఆడవాళ్లు మాత్రం గూడులోంచి మాట్లాడుకుంటూనే ఉన్నారు. చివరికి లైను పెద్దలు అరుగు మీద కూర్చుని రాజీ చేశారు. ఆ గోడని ఇటునుంచి గాని అటునుంచి గాని ఎవరూ ముట్టుకోకూడదు. ఇద్దరూ ఒప్పుకుని చేతిలో చెయ్యి వేశారు, అందరూ టీ తాగారు. ఎంత చక్కగా తేల్చామో అని పెద్దలు మురిసిపోయారు. ఒక గోడకి చావు రాసిపెట్టడం అంత సులువుగా అయిపోతుందని వాళ్లెవరికీ తట్టలేదు.

ఆ తర్వాత ఎన్నో వానలు ఆ గోడ మీంచి పోయాయి. మిగతా గోడలకి సిమెంటు పూతలు పడ్డాయి, సున్నాలు పడ్డాయి. నడిమి గోడ మాత్రం పునాది దగ్గర నీళ్లు పీల్చుకుంటూ, లోపల మట్టి మెత్తబడుతూ, చెప్పుకునే దిక్కులేక నిలబడి ఉంది.

తొంభై నాలుగులో వాన మొదలవడమే మొండిగా మొదలైంది. అదే ఏడు తులసమ్మ కూతురు భాగ్యరేఖ పురిటికి వచ్చింది. భాగ్యరేఖ అంటే తులసమ్మకి ఒక్కగానొక్క పిల్ల. అంతకుముందు పుట్టిన ఇద్దరూ పురిటి మంచం మీదే పోయారు. ఆ పిల్ల పుట్టిననాటి నుంచి తులసమ్మ నిద్రపోయిన నిద్ర ఎంతో దేవుడికే తెలియాలి. పిల్లని సెక్టర్ 7 క్వార్టర్లలో ఉండే ఉక్కు ప్లాంటు ఉద్యోగి కుర్రాడికిచ్చారు. వియ్యపురాలు పద్ధతిగానే చెప్పింది, మా క్వార్టరు గట్టిది, ఆసుపత్రి దగ్గర, పిల్లని ఇక్కడే ఉంచండి అని. తులసమ్మకి రోషం వచ్చింది. తొలి పురుడు పుట్టింట్లోనే జరగాలి, మా ఇల్లు అంత పనికిరానిదా అంది. ఆ మాట అన్నందుకు తర్వాత ఆవిడ తన నాలుకని ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

ఇల్లు పనికొచ్చేదే, కాని మంచం వేయడానికి చోటు లేదు. సావిడిలో కప్పు కారుతోంది. వంటింట్లో పొగ. మిగిలింది నడిమి గది, అందులో కప్పు కారని చోటు ఆ గోడ పక్కనే. పిల్ల మంచం అక్కడ వేశారు.

ఒకరోజు మధ్యాహ్నం బస్తీ పక్క పట్టాల మీద గూడ్సు బండి వెళ్తుండగా భాగ్యరేఖ గోడ వైపు చూస్తూ లేచి కూర్చుంది.

“మమ్మీ, దీవార్‌లోంచి ఆవాజ్ వస్తోంది.”

“ఏటి సప్పుడే?”

“లోపల ఎవరో బియ్యం పోస్తున్నట్టు.”

తులసమ్మ చెవి ఆనించింది. బండి పోయాక కూడా లోపల మట్టి సన్నగా రాలుతూనే ఉంది. చేత్తో నిమిరితే నడుం ఎత్తున గోడ తన వైపు ఉబ్బి ఉంది, నెలలు నిండిన పిల్ల కడుపులాగే. ఆ పోలిక మనసులోకి రావడమే అపశకునమనిపించి చెయ్యి వెనక్కి లాక్కుంది. మంచం జరపడానికి వేరే చోటు లేదు, పిల్లని వియ్యపురాలి దగ్గరకి వెనక్కి పంపడానికి తను అన్న మాటే అడ్డొచ్చింది.

గురునాథరావుకి చూపించింది. అతను చాలాసేపు చూశాడు. తాపీ పట్టనన్నాడు. “మాటిచ్చానే. ముట్టుకోను.” తర్వాత నేల వైపు చూసి, “ఊతలు ఎడితే ముట్టుకున్నట్టు కాదు. ఊత మన నేల మీదుంటాది, మనింట్లో ఉంటాది” అన్నాడు. అలాంటి న్యాయం ఆంధ్రా లైనులోనే పుడుతుంది.

పోలమ్మా శంకరరావూ ఇంట్లో లేని పూట లైను చివరింట్లో ఉండే వడ్రంగి కొర్నేలిని పిలిచారు. గోదావరి జిల్లా నుంచి తర్వాత వచ్చి చేరిన క్రైస్తవుడు, మాట నెమ్మది. గోడకి అడ్డంగా చెక్కలు వేసి, వాటికి ఏటవాలుగా సర్వీ కర్ర బాదులు ఆనించి, కింద మేకులు కొట్టి బిగించాడు. కప్పు దూలం కింద కూడా రెండు నిలువు బాదులు పెట్టాడు. పని అయ్యాక చెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు.

“తులసమ్మ గారూ, మీ వైపు ఇంక భయం లేదండి. కాని అటువైపు కూడా ఇలాగే పెట్టాలి. ఒక్క పక్కే బిగించాం కదా, కదిలితే గోడ అటే వెళ్తుంది. వాళ్లకి నన్ను చెప్పమంటారా?”

“వద్దు బాబూ. నాను సెప్తాను.”

చెప్పాలనే అనుకుంది. ఆ మాట అబద్ధం కాదు. కాని చెబితే ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు. పోలమ్మ శంకరరావుకి చెబుతుంది. శంకరరావు అరుగు మీదకి వస్తాడు. గోడ జోలికి రానని చేతిలో చెయ్యి వేసి ఇప్పుడు బాదులు ఆనిస్తారా అంటాడు. సర్కారు వాళ్లు కొలతలకి వస్తారన్న మాట మళ్లీ బస్తీలో తిరుగుతోంది, ఇక వదలడు. పెద్దలు కూర్చుంటారు. తేలేదాకా ఊతలు తీసేయమంటారు. తీస్తే ఆ గోడ కింద ఎవరుంటారు? నా పిల్ల. పురుడు అయిపోనీ, పిల్లని బిడ్డతో సహా సెక్టర్‌కి పంపేశాక చెబుదాం అనుకుంది. ఇన్నేళ్లు నిలబడిన గోడ ఇంకొన్నాళ్లు నిలబడదా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. అలా సర్దిచెప్పుకోవడం ఎంత తేలికో చూసి ఆవిడకే ఆశ్చర్యమేసింది.

అడ్డచెక్క ఒకటి సరిగ్గా గూడుకి అడ్డం వచ్చింది. అవతల నుంచి కనబడకుండా తులసమ్మ గూడులో పాత గోనెసంచి కుక్కేసింది.

“ఏటప్పా, గూడు మూసేసేవు?” గోడ అవతలనుంచి పోలమ్మ గొంతు, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినబడింది.

“పిల్లకి సలిగాలి కొడతందే. పురుడయ్యాక తీసేస్తాను.”

“అలాగే, అలాగే. మూసెయ్. గాలి తగలకూడదు.”

కొర్నేలి రెండుమూడు రోజులాగి అరుగు మీద ఎదురుపడి అడిగాడు, “వాళ్లకి చెప్పారా అండీ?”

“సెప్పేను” అంది తులసమ్మ. కొర్నేలి మనిషి మాట నమ్ముతాడు, రెండోసారి అడగడు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ప్రతి ఏడూ తులసమ్మ పేరంటం నడిమి గదిలోనే, అమ్మవారి పటం ముందు. ఈ ఏడు మాత్రం అరుగు మీద చాపలు పరిచింది. లోపల పిల్ల పడుకుందని చెప్పింది. చూరు మీంచి నీళ్లు ధారలు కడుతుంటే ఆడవాళ్లంతా ఒదిగి కూర్చుని వాయనాలు అందుకున్నారు. పోలమ్మ కొత్త చీర కట్టుకుని, భాగ్యరేఖకని సున్నుండలు కట్టి తెచ్చింది.

“పిల్లనొకసారి సూసి ఇచ్చొస్తానప్పా” అని గుమ్మం దాకా వెళ్లింది.

తులసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “నిద్రపోతందే. నానిస్తాను ఇలాగియ్యి.”

పోలమ్మ డబ్బా చేతికిచ్చి వెనక్కి వచ్చి కూర్చుంది. ఎప్పుడూ పేరంటంలో పాట అందుకునే మనిషి ఆ రోజు అందుకోలేదు. తులసమ్మ ఆమె కాళ్లకి పసుపు రాసింది. రాస్తున్నంతసేపూ మాట గొంతులోనే ఉంది. మంచం గోడ పక్కనుంచి జరుపుకోవే అన్న ఒక్క మాట. ఊతల సంగతి ఎత్తక్కర్లేదు, గోడ ఎవరిదో తేల్చక్కర్లేదు. అంత చిన్నమాట. కాని ఎందుకప్పా అంటుంది పోలమ్మ. ఎందుకో చెప్పాలి. తులసమ్మ రెండో కాలికి కూడా పసుపు రాసి, తలెత్తకుండా పక్క మనిషి దగ్గరకి జరిగిపోయింది.

తర్వాత వాన ఆగకుండా పడింది. గోడలో చప్పుడు సన్నగిల్లింది. ఊతలు పనిచేస్తున్నాయని గురునాథరావు సంతోషించాడు. తులసమ్మకి మాత్రం ఆ నిశ్శబ్దం చప్పుడు కంటే చెడ్డగా తోచింది. రోజూ ఉదయం ఉబ్బు మీద చెయ్యి వేసి చూసేది. ఉబ్బు తగ్గుతోంది. తన వైపు గోడ చదునవుతోంది. అంటే ఎటు వెళ్తోందో ఆవిడకి అర్థమైంది. అర్థమైన రోజు పెరట్లోకి వెళ్లి, దడి అవతల బట్టలు పిండుతున్న పోలమ్మని చూస్తూ చాలాసేపు నిలబడింది. “ఏటప్పా అలాగున్నావు, ఒంట్లో బాగోలేదా?” అని పోలమ్మే అడిగింది. ఏం లేదంది తులసమ్మ. ఇంకొక్క వారం అనుకుంది. పిల్లకి నెలలు నిండాయి.

ఒకరోజు పొద్దున్న వాన ఆగి చుర్రుమని ఎండ కాసింది. లైనంతా తడిబట్టలు అరుగు మీదకి తెచ్చారు. మగవాళ్లు పనులకి పోయారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తులసమ్మ వంటింట్లో గిన్నెలు తోముతుంటే నేల అదిరింది. గూడ్సు బండి అనుకుంది. కాని ఆ చప్పుడు దూరమవలేదు. ఏదో ఒక్కసారిగా కూలినట్టయింది. తర్వాత పెంకులు జారి పగిలే చప్పుడు, అది చాలాసేపు వచ్చింది.

నడిమి గదిలోకి పరిగెత్తింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. ముందు మంచం చేతికి తగిలింది, తర్వాత పిల్ల భుజం. భాగ్యరేఖ కూర్చుని కడుపు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. తమ వైపు దూలం బాదుల మీద అలాగే నిలబడి ఉంది. తులసమ్మ పిల్లని గుండెకి హత్తుకుంది, ఆ క్షణం ఆవిడకి కలిగింది సంతోషం. నిజంగా సంతోషమే. తర్వాత ఎంత ఏడ్చినా ఆ సంతోషాన్ని ఆవిడ తనలోంచి తీసేసుకోలేకపోయింది.

దుమ్ము తగ్గింది. గోడ ఉండాల్సిన చోట గోడ లేదు. పోలమ్మ ఇల్లు ఆ చివరి దాకా కనబడుతోంది, దండెం మీద చీర, పీట మీద బోర్లించిన గిన్నెలు. వాటి మధ్య మట్టీ ఇటుకలూ పెంకులూ కుప్పగా పడి ఉన్నాయి. పోలమ్మ మధ్యాహ్నాలు చల్లగా ఉంటుందని గోడ పక్కనే నడుం వాల్చేది. ఇంటి దగ్గరే పనిచేసుకుంటున్న కొర్నేలి, మరో ఇద్దరూ వచ్చి చేతులతో తవ్వారు. తీసేసరికి ప్రాణం లేదు. కొర్నేలి లేచి నిలబడి, అవతలి వైపు ఒక్క ఊత కూడా లేని ఆ ఖాళీని చూశాడు. తర్వాత తులసమ్మని చూశాడు.

ఆ అదురుకే భాగ్యరేఖకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో సాయంత్రానికి మగపిల్లాడు పుట్టాడు. లైనులో ఒక పక్క ఏడుపు, ఒక పక్క ఈ కబురు. వచ్చినవాళ్లందరూ తులసమ్మ చెయ్యి పట్టుకుని ఒకటే మాట, ముందుచూపుతో ఊతలు పెట్టబట్టి తల్లీ బిడ్డా దక్కారు, నువ్వు కాబట్టి ఆలోచించావు అని. పొగిడిన ప్రతిసారీ ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కునేది. బాధలో ఉందిలే అనుకున్నారు.

కర్మలు అయ్యాక శంకరరావు ఒకనాడు తన గుమ్మం ముందు అరుగు మీద కూర్చుని కనిపించాడు. మనిషి సగమైపోయాడు. పోట్లాడే శంకరరావుగా కూర్చుని ఉంటే తులసమ్మకి కొంత తేలికగా ఉండేది. ఎదుటికి వెళ్లి నిలబడింది.

“కూకో వొదినా” అన్నాడతను. వీధి వైపు చూస్తూ అడిగాడు, “ఊతలు ఎప్పుడెట్టారు?”

ఇక్కడైనా అబద్ధం చెప్పొచ్చు. గోడ కూలడానికి ముందురోజే పెట్టామంటే నమ్మేవాడే. కొర్నేలి వచ్చి కాదని చెప్పే మనిషి కాడు. తులసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, “పేరంటం ముందు” అంది.

శంకరరావు తల ఊపాడు. కోపం వస్తుందని ఎదురుచూసింది. రాలేదు.

“అదా” అన్నాడు నెమ్మదిగా, ఇన్నాళ్లుగా అర్థంకానిదేదో అర్థమైనట్టు. “పేరంటంనుంచొచ్చి అన్నం తినలేదొదినా అది. ‘అప్ప నన్ను లోపలికి రానివ్వలేదు, గూడు కూడా మూసేసింది, నాను ఏటి తప్పు సేసానో’ అని ఒకటే బెంగ. పోయిన రోజు పొద్దున్న కూడా నన్నడిగింది, నువ్వేటైనా అన్నావా ఆళ్లని అని. పురుడయ్యాక ఎళ్లి కాళ్లట్టుకుంటాను, అప్పుడైనా మాటాడతాదేమో అంది.”

తులసమ్మ అరుగు మీద అలాగే కూలబడిపోయింది. గోడ చోట తడిక కట్టిన తన ఇంట్లో మనవడు ఏడుస్తున్నాడు. భాగ్యరేఖ రెండుసార్లు మమ్మీ అని పిలిచింది. ఆవిడ లేవలేదు.